దారి తప్పామని చెప్పిన పైలట్

రెండేళ్ల క్రితం వేసవి సెలవులు ముగించుకుని హైదరాబాద్ నుంచి అమెరికా తిరిగి వస్తున్నాం. నేను, పిల్లలిద్దరూ. మావారు సెలవు అయిపోయి నెల ముందే వచ్చేశారు. మధ్యలో గల్ఫ్‌లో విమానం మారి, అక్కడి నుంచి పద్నాలుగు గంటలు కూర్చుని దిగేసరికి రాత్రయింది. బయట వాన. చక్రాలు నేలకు తాకాయో లేదో, సీటు బెల్టులు విప్పుతున్న చప్పుడు వరసగా వినిపించింది. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా! ఫోన్లు ఆన్ అయ్యాయి. "దిగిపోయాం, వచ్చేస్తున్నాం" అంటూ మాటలు మొదలయ్యాయి. నా ముందు సీటాయన అప్పుడే లేచి పైనున్న పెట్టె తలుపు మీద చెయ్యి వేశాడు.

విమానం మెల్లగా వెళ్లి, ఒక మలుపు తిరిగి, ఆగిపోయింది. ఐదు నిమిషాలయినా కదల్లేదు. కిటికీలోంచి చూస్తే నీలం దీపాలు, వాన చుక్కలు తప్ప ఏమీ లేవు. టెర్మినల్ ఎక్కడో దూరంగా వెలుగుతోంది. చిన్నాడు ఒళ్లో ఏడుపు అందుకున్నాడు. అప్పుడు కెప్టెన్ గొంతు వినిపించింది. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: మేము తిరగాల్సిన చోట కాకుండా ఇంకో చోట తిరిగాం. ఎక్కడున్నామో ఖాయంగా తెలిసేదాకా కదలకూడదని ఆపేశాం. దారి చూపించడానికి ఒక కారు వస్తోంది. దయచేసి అందరూ కూర్చోండి.

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత వెనక వరసలోంచి తెలుగులో ఒక పెద్దాయన: "ఇంత దూరం తెచ్చినోడికి ఇంటి ముందుకొచ్చాక దారి తెలీదంట!" చుట్టుపక్కలున్న తెలుగువాళ్లందరం నవ్వేశాం. నేనూ నవ్వాను. కాసేపటికి పసుపుపచ్చ దీపం తిరుగుతున్న ఒక చిన్న కారు వచ్చి ముందు నిలబడింది. అంత పెద్ద విమానం ఆ కారు వెనకాలే, అమ్మ కొంగు పట్టుకున్న పిల్లాడిలా, గేటు దాకా నడిచింది.

ఇంటికొచ్చాక ఈ కథను ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కలేదు. కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి మా వంటింట్లో జరిగిన సంగతి నా నవ్వు ఆపేసింది. అది తర్వాత చెబుతాను. ఆ రాత్రి తర్వాతే, విమానం నేల మీద ఎలా నడుస్తుందో, పైలట్లు ఎందుకు తడబడతారో చదవడం మొదలుపెట్టాను. బీఎస్సీ ఫిజిక్స్ చదివి పదేళ్లకు పైగా పుస్తకం ముట్టని దాన్ని. చదివిన కొద్దీ ఆ కెప్టెన్ మీద గౌరవం పెరిగింది.

నేల మీద నడక అంత కష్టమా?

రన్‌వే నుంచి గేటు దాకా, గేటు నుంచి రన్‌వే దాకా విమానం తన చక్రాల మీద నడవడాన్ని ట్యాక్సీయింగ్ అంటారు. ఆ దారులు ట్యాక్సీవేలు. వాటికి వీధి పేర్లుండవు, ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. వాటిని రేడియోలో ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పలుకుతారు. ఏ, బీ, సీలకు కొమ్మలుగా ఏ1, బీ4 వంటివి ఉంటాయి. ఒకటి, సున్నా అంకెలతో పొరబడతారని ఐ, ఓ అక్షరాలు వాడరు.

రన్‌వేలకు మాత్రం అంకెలు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. దిక్సూచిలో రన్‌వే ఎన్ని డిగ్రీల వైపు చూస్తోందో చూసి, ఆ అంకెను పదితో భాగిస్తే వచ్చేదే దాని పేరు. మన శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. తూర్పు 90 డిగ్రీలు, అందుకని అటు వెళ్తుంటే 09. పడమర 270 డిగ్రీలు, అందుకని ఇటు వస్తుంటే 27. పక్కపక్కన రెండుంటే కుడి, ఎడమ అని చేరుస్తారు. అంటే ఒకే రోడ్డుకు రెండు పేర్లు. పక్కనున్న రోడ్డుకూ అవే అంకెలు, కుడి ఎడమల తేడా అంతే. ఈ కుడి ఎడమల గొడవ గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

రాత్రిపూట రన్‌వే అంచుల్లో తెల్లదీపాలు, ట్యాక్సీవే అంచుల్లో నీలం దీపాలు ఉంటాయి. ట్యాక్సీవే మధ్యగీతకు దీపాలు పెడితే అవి ఆకుపచ్చవి. నల్ల పలక మీద పసుపు అక్షరం ఉంటే, మీరు నిలబడ్డ దారి పేరది. పసుపు పలక మీద నల్ల అక్షరం ఉంటే, పక్కకు వెళ్లే దారి పేరది. ఎర్రపలక మీద తెల్ల అంకెలు కనిపిస్తే, ముందున్నది రన్‌వే, అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దని అర్థం. అక్కడ నేల మీద అడ్డంగా నాలుగు పసుపు గీతలుంటాయి. రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతల వైపు నుంచి వస్తుంటే ఆగాలి. మన ఇళ్లలో గడప లాంటిదే ఇది. లోపలివాళ్లు రమ్మనే దాకా దాటకూడదు.

పగలు, ఎండలో, ఎవరూ తొందరపెట్టకపోతే ఇదంతా సులువే. విమానం దిగిన మరుక్షణం పైలట్ల పరిస్థితి చూడండి. వెనకాల ఇంకో విమానం దిగడానికి వస్తుంటుంది కాబట్టి రన్‌వే మీద నిలబడి ఆలోచించే వీలుండదు, వెంటనే పక్కకు తప్పుకోవాలి. ఏ మలుపులో తప్పుకుంటారో బ్రేకులు పట్టేదాన్ని బట్టి, వేగాన్ని బట్టి అప్పటికప్పుడు తేలుతుంది. తప్పుకోగానే రేడియోలో ఇంకో ఫ్రీక్వెన్సీకి మారాలి. అక్కడ కంట్రోలర్ గబగబా ఒక దారి చెబుతారు: ఈ అక్షరం, ఆ అక్షరం, ఫలానా రన్‌వే ముందు ఆగండి, తర్వాత ఇంకో అక్షరం. అది రాసుకుని, తిరిగి అప్పజెప్పి, పటంలో వెతికి, బయట చీకట్లో పలకలు చదవాలి. ఇద్దరు పైలట్లలో ఒకరు విమానం నడుపుతుంటే, రెండోవారు రెక్కల ఫ్లాప్‌లు ముడుస్తూ, చెక్‌లిస్ట్ చూస్తూ తల దించుకుని ఉంటారు. ఇదంతా రాత్రంతా మేలుకుని చేసిన ప్రయాణం చివర్లో.

ఇంకో ఇబ్బంది ఉంది. మనం కారులో దారి తప్పితే రివర్స్ చేస్తాం, యూ టర్న్ తీసుకుంటాం. మేమెక్కినలాంటి పెద్ద విమానం పొడవు 70 మీటర్లకు పైనే, రెక్కల వెడల్పు 60 మీటర్లకు పైనే. అది తనంతట తాను వెనక్కి నడవదు, ట్రాక్టర్ వచ్చి నెట్టాలి. సన్నటి ట్యాక్సీవేలో వెనక్కి తిరగడానికి చోటుండదు. ఒక్కసారి తప్పు మలుపు తిరిగితే ముందుకే పోవాలి, లేదా ఆగాలి. ఆ ముందు ఏముందో తెలియనప్పుడు ఆగడమే మంచిది.

ఆగకపోతే ఏమవుతుందో మూడు సంఘటనలు చెబుతాను. మూడూ అమెరికాలో జరిగినవే, దర్యాప్తు రికార్డుల్లో ఉన్నవే.

చికాగో, 1972: మాటల్లో జారిపోయిన ఒక్క పదం

1972 డిసెంబర్ 20 సాయంత్రం. చికాగో ఓహేర్ విమానాశ్రయం నిండా మంచు. డెల్టా వారి కన్వెయిర్ 880 విమానం క్షేమంగా దిగింది. గేటు వైపు వెళ్తూ గ్రౌండ్ కంట్రోలర్‌తో మాట్లాడింది. పక్కన ఆగి ఉండమంటూ కంట్రోలర్ "32 ప్యాడ్"కు వెళ్లమన్నారు. అక్కడ 32 అంకెతో రెండు రన్‌వేలున్నాయి, ఎడమది, కుడిది. ఆగే చోట్లూ రెండే. ఏదో చెప్పే మాట ఆయన నోట రాలేదు. పైలట్లు ఒకటనుకున్నారు, కంట్రోలర్ మనసులో ఇంకొకటి ఉంది. ఏదని వీళ్లు అడగలేదు. కంట్రోలర్ కూడా, వాళ్లెక్కడున్నారో తేల్చుకోవడానికి ఉన్న సమాచారాన్నంతా వాడుకోలేదు.

కన్వెయిర్ తాననుకున్న దారిలో వెళ్తూ వాడుకలో ఉన్న ఒక రన్‌వేను దాటబోయింది. అదే రన్‌వే మీద నార్త్ సెంట్రల్ వారి డీసీ-9 విమానం పైకి లేవడానికి పరుగు తీస్తోంది. మంచులో ఎదురుగా విమానం కనిపించేసరికి ఆపే వీలు లేదు. దాని మీదుగా లేపడానికి ప్రయత్నించారు, తగిలింది. డీసీ-9లో ఉన్న 45 మందిలో 10 మంది చనిపోయారు.

దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా బోర్డు నివేదికలో ఈ మూడు కారణాలూ ఉన్నాయి: కంట్రోలర్ ఒక కీలకమైన పదం వదిలేశారు, విమానం ఎక్కడుందో తేల్చుకోలేదు, పైలట్లు మళ్లీ అడగలేదు. మూడోది చదివినప్పుడు నాకు మనసులో ఎక్కడో గుచ్చుకుంది.

డెట్రాయిట్, 1990: తెలిసినట్టు నటించిన వేళ

1990 డిసెంబర్ 3. డెట్రాయిట్‌లోనూ మంచే. ఈసారి విమానం దిగినది కాదు, బయల్దేరబోతున్నది. నార్త్‌వెస్ట్ వారి డీసీ-9. కెప్టెన్ అనారోగ్యం వల్ల కొన్నేళ్లపాటు విధులకు దూరంగా ఉండి, అప్పుడే తిరిగి వచ్చారు. పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్ తనకు ఉన్న అనుభవం కన్నా ఎక్కువే చెప్పుకున్నారు. ఈ విమానాశ్రయం తనకు కొట్టిన పిండి అన్నట్టు మాట్లాడారు. కెప్టెన్ ఆయన్ని నమ్మి, దారి నిర్ణయించే పని ఆయనకే వదిలేశారు. మంచులో ఒక మలుపు తప్పింది. అనుమానం ఇద్దరికీ వచ్చింది. అయినా విమానం కదులుతూనే ఉంది. దారి తప్పామని కంట్రోలర్‌కు స్పష్టంగా చెప్పేసరికి వాళ్లు వాడుకలో ఉన్న రన్‌వే మీదే ఉన్నారు. అదే కంపెనీకి చెందిన బోయింగ్ 727 ఎదురుగా పైకి లేవడానికి పరుగెత్తుకొస్తోంది. దాని రెక్క తగిలి డీసీ-9లో 8 మంది ప్రాణాలు పోయాయి.

కాక్‌పిట్‌లో ఇద్దరి పాత్రలు తారుమారయ్యాయనీ, అందువల్లే సకాలంలో ఆగి, తాము ఎక్కడున్నామో తెలియడం లేదని చెప్పలేకపోయారనీ దర్యాప్తు తేల్చింది. చదువుతుంటే ఆ ఇద్దరి మీదా కోపం రాలేదు. ఒకరు, చాన్నాళ్లకు పనిలోకి వచ్చి, తనకు తెలియకపోవచ్చని సందేహిస్తున్న మనిషి. ఇంకొకరు, తెలియదని ఒప్పుకుంటే చులకనైపోతానని భయపడుతున్న మనిషి కావచ్చు. ఈ ఇద్దరినీ మనం ఎక్కడో చూశాం. పెళ్లయి, పిల్లల కోసం ఉద్యోగం మాని, మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లే రోజున అద్దంలో చూశాం. కొత్త దేశంలో మొదటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో, అన్నీ అర్థమైనట్టు తల ఊపుతూ కూర్చున్నప్పుడు చూశాం.

ప్రావిడెన్స్, 1999: "మేము కదలం" అన్నవాళ్లు

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే ఇందులో ఎవరికీ గాయం కాలేదు. 1999 డిసెంబర్ 6 రాత్రి. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ విమానాశ్రయం. మళ్లీ మంచు. టవర్ నుంచి చూస్తే విమానాలు కనిపించడం లేదు. నేల మీది విమానాలను చూపించే రాడార్ అక్కడ లేదు. యునైటెడ్ వారి 1448 నంబరు విమానం, బోయింగ్ 757, దిగింది. గేటుకు నవంబర్, టాంగో అనే ట్యాక్సీవేల మీదుగా వెళ్లమన్నారు. మంచులో పైలట్లు బ్రావో అనే దారిలోకి తిరిగారు. అది వాళ్లను చుట్టు తిప్పి, తాము దిగిన రన్‌వే దగ్గరికే మళ్లీ తీసుకొచ్చింది.

వాళ్లు మంచి పని చేశారు. రన్‌వే మీద ఉన్నట్టున్నామని టవర్‌కు చెప్పారు. కానీ వాళ్లు చెబుతున్న గుర్తులకూ, కంట్రోలర్ మనసులో ఉన్న పటానికీ పొంతన కుదరలేదు. ఈ మాటలు నడుస్తుండగానే ఒక ఫెడెక్స్ కార్గో విమానం అదే రన్‌వే మీద నుంచి వాళ్ల దగ్గరగా గర్జిస్తూ పైకి లేచిపోయింది. ఇప్పుడే ఎవరో ఇక్కడి నుంచి పైకి వెళ్లారని యునైటెడ్ పైలట్లు చెప్పారు. అప్పటికీ గందరగోళం తేలలేదు. కంట్రోలర్ తర్వాతి విమానానికి బయల్దేరమని అనుమతి ఇచ్చేశారు.

ఆ తర్వాతి విమానం యూఎస్ ఎయిర్‌వేస్ వారి మెట్రోజెట్. దాని పైలట్లు రేడియోలో ఈ మాటలన్నీ వింటూనే ఉన్నారు. అనుమతి చేతికొచ్చింది. టైమ్‌కు బయల్దేరాలన్న ఒత్తిడి ఉండే ఉంటుంది. అయినా వాళ్లు వెళ్లం అన్నారు. ఆ విమానం ఎక్కడుందో తేలేదాకా రన్‌వే మీదికి రామన్నారు. యునైటెడ్ విమానం గేటు చేరాకే కదిలారు. ఎంతోమంది ప్రాణాలు ఆ మొండితనం మీద నిలిచాయనుకుంటే తప్పు కాదు. ఆ రాత్రి రేడియో సంభాషణలకు తర్వాత యానిమేషన్ జోడించి, పైలట్లకూ కంట్రోలర్లకూ పాఠంగా చూపించారు.

చికాగోలో అడగలేదు. డెట్రాయిట్‌లో ఆలస్యంగా చెప్పారు. ప్రావిడెన్స్‌లో ఒకరు చెప్పారు, ఇంకొకరు విన్నారు, విన్నాక ఆగారు. మంచు మూడు చోట్లా ఉంది.

ఆ తర్వాత మారినవి

విమానయానంలో నాకు నచ్చింది, ఒక తప్పు జరిగితే మనిషిని తిట్టి ఊరుకోకుండా పద్ధతిని మార్చడం. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలో మంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ తర్వాత నుంచి "టేకాఫ్" అనే మాటను నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చింది రద్దు చేసేటప్పుడు మాత్రమే పలకాలని నియమం వచ్చింది. కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు కూడా పెద్దవాళ్లకు అనుమానం చెప్పేలా శిక్షణ మొదలైంది. 1981లో అమెరికాలో ఇంకో నియమం వచ్చింది. 10,000 అడుగుల లోపు, అలాగే నేల మీద ట్యాక్సీయింగ్ చేస్తున్నప్పుడు, పైలట్లు పనికి సంబంధం లేని కబుర్లు చెప్పుకోకూడదు. 2010 నుంచి ఒక విమానం దారిలో నాలుగు రన్‌వేలు దాటాల్సి వస్తే, నాలుగింటికీ విడివిడిగా అనుమతి తీసుకోవాలి.

రన్‌వే ముందు ఆగమని చెబితే, ఆ మాటను పైలట్ తిరిగి అప్పజెప్పాలి. సరే అంటే సరిపోదు. కంట్రోలర్ ఆ అప్పజెప్పిన మాటను విని, సరిగా ఉందో లేదో చూడాలి. పైలట్‌కు ఆ విమానాశ్రయం కొత్తదైతే, ఒక్కో మలుపూ చెబుతూ నడిపించమని అడిగే పద్ధతి కూడా ఉంది. అడిగినందుకు ఎవరూ నవ్వరు. దానికి ఒక పేరు పెట్టి మరీ మాన్యువల్‌లో రాశారు. చాలాచోట్ల ఇప్పుడు నేల మీది విమానాలను చూపించే రాడార్లు, కాక్‌పిట్‌లో విమానం ఎక్కడుందో చూపే కదిలే పటాలు వచ్చాయి. తికమకపడే కూడళ్లను పటాల్లో "హాట్ స్పాట్" అని ముందే గుర్తిస్తున్నారు. ఇన్ని ఉన్నా, నాకు తెలియడం లేదు అనే మాట మాత్రం మనిషే పలకాలి.

మా వంటింట్లో ఒక రాత్రి

ఇప్పుడు ముందు దాచిన సంగతి. ఆ ప్రయాణం అయిన కొన్ని నెలలకు, ఒక రాత్రి చిన్నాడికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. వాడికి రెండేళ్లు. మావారు ఊళ్లో లేరు. డాక్టర్ ఆఫీసు వాళ్ల నర్స్ లైన్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు మ్యూజిక్ విన్నాక నర్స్ వచ్చింది. ఊపిరి ఎలా ఉంది, పెదవులు వాచాయా, ఏం తిన్నాడు అని వరసగా అడిగింది. ఇంట్లో ఉన్న అలర్జీ సిరప్ పేరు అడిగి, ఎంత వేయాలో చెప్పింది. వాడు చెవి దగ్గర ఏడుస్తున్నాడు. కవర్ మీద "రెండున్నర" అని గీకాను. "ఓకే, ఓకే, థాంక్యూ సో మచ్" అని పెట్టేశాను.

సీసా మూత తీసి, స్పూన్ చేతిలోకి తీసుకుని, కవర్ చూశాను. రెండున్నర. రెండున్నర ఏమిటి? ఎంఎల్‌లా, స్పూన్లా? ఒక టీస్పూన్ అంటే ఐదు ఎంఎల్. అంటే పొరబడితే ఐదు రెట్లు. ఇది లెక్కల్లో తప్పు కాదు, లెక్క నాకు వచ్చు. ఒక్క పదం రాసుకోలేదు, అంతే.

మళ్లీ ఫోన్ చేయడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలుసా? దాదాపు పది నిమిషాలు. చేతిలో ఏడుస్తున్న పిల్లాడు, పక్కనే ఫోన్. అయినా ఆలోచిస్తున్నాను: ఇంత చదువుకుని ఈ మాత్రం అర్థం కాలేదా అనుకుంటుందేమో, నా యాస వినగానే విసుక్కుంటుందేమో, మళ్లీ అంతసేపు మ్యూజిక్ వినాలేమో అని. సీసా మీద చదివి ఊహించి వేసేద్దామా అని కూడా అనిపించింది. అప్పుడు ఎందుకో ఆ వాన, ఆ నీలం దీపాలు, ఆ కెప్టెన్ గొంతు గుర్తొచ్చాయి. మూడు వందల మంది ముందు, మైకులో, దారి తప్పామని చెప్పిన మనిషి. నేను ఒక్క నర్స్‌కు చెప్పలేకపోతున్నాను.

ఫోన్ చేశాను. వేరే నర్స్ ఎత్తింది. "ఇందాక చెప్పింది నాకు సరిగా అర్థం కాలేదు, ఎంఎల్‌లా స్పూన్లా?" అని అడిగాను. ఆమె విసుక్కోలేదు. రికార్డు చూసి, రెండున్నర ఎంఎల్ అని చెప్పి, స్పూన్ వద్దు, మందుతో పాటు వచ్చిన సిరంజితోనే కొలవమంది. ఆ తర్వాత, "ఒకసారి నాకు తిరిగి చెప్పండి" అంది. తిరిగి చెప్పాను. ఫోన్ పెట్టాక కాళ్లలో వణుకు తగ్గడానికి కాసేపు పట్టింది. తెల్లారేసరికి దద్దుర్లు తగ్గి, వాడు మామూలుగా ఆడుకుంటున్నాడు.

అప్పటి నుంచి ఇంట్లో ఒక అలవాటు చేసుకున్నాం. ఫోన్‌లో డాక్టర్ ఆఫీసు, ఫార్మసీ, స్కూలు, బ్యాంకు, ఎవరితో మాట్లాడినా పెట్టేసే ముందు విన్నది తిరిగి చెబుతాను. "నేను రాసుకున్నది చదువుతాను, సరిగా ఉందో చూడండి" అంటాను. ఇప్పటిదాకా ఒక్కరూ విసుక్కోలేదు. రెండుసార్లు అవతలివాళ్లే, అయ్యో నేనే తప్పు చెప్పాను అన్నారు. పదిహేనా, యాభైయా అన్న అనుమానం వస్తే పైలట్లలాగే అంకెలు విడివిడిగా పలుకుతాను: ఒకటి, ఐదు.

ప్రయాణాల్లో మనకు

విమానం దిగాక ఎక్కడో మధ్యలో ఆగితే, దయచేసి బెల్టు విప్పకండి, లేవకండి. ఏదైనా వాహనం అడ్డొస్తే విమానం ఉన్నట్టుండి బ్రేకు వేయవచ్చు. పైనున్న పెట్టెలోంచి ఊరగాయ సీసాల బ్యాగు జారితే కిందనున్న పసిపాప తల మీద పడుతుంది. బెల్టు గుర్తు ఆరిపోయేదాకా ప్రయాణం అయిపోనట్టే. ఆలస్యమవుతోందని విసుగు వస్తే, ముందు కూర్చున్న ఇద్దరూ ఆగి, పటం చూసుకుని, అడుగుతున్నారేమో అనుకోండి. అడుగుతున్నంతసేపూ మనం క్షేమంగా ఉన్నట్టే.

వచ్చే నెల అమ్మ ఒంటరిగా వస్తోంది. నాన్న పోయాక ఇదే మొదటి ప్రయాణం. మధ్యలో గల్ఫ్‌లో విమానం మారాలి. ఇంగ్లిష్ రాదని, అంత పెద్ద ఎయిర్‌పోర్టులో తప్పిపోతానేమోనని వారం రోజులుగా నిద్రపోవడం లేదు. వీల్‌చైర్ సాయం బుక్ చేశాను. గేటు వివరాలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఒక కాగితం మీద రాసి పంపాను. నిన్న ఫోన్‌లో ఈ కథలన్నీ చెప్పాను, చికాగో దగ్గర నుంచి. అంతా విని, "అంత చదువుకున్న పైలట్లే దారి తప్పితే, నేను తప్పితే తప్పేంటే?" అంది.

"తప్పు కాదమ్మా. తెలియకపోతే మాత్రం నడవకు. అక్కడే నిలబడు. కాగితం చూపించి అడుగు. వాళ్లు చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడుగు" అన్నాను.

"సరేలే" అంది.

"సరేలే కాదు. నేనేం చెప్పానో నాకు తిరిగి చెప్పు."

అమ్మ నవ్వి, ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెడుతున్నట్టుగా అప్పజెప్పింది. నడవను. నిలబడతాను. అడుగుతాను. మళ్లీ అడుగుతాను.